ఆ పిల్ల తెచ్చుకునే సంచి

పోయిన నెల ఒక సాయంత్రం మన ఖరగ్‌పూర్ మథురాకాటి నుంచి ఒక జంట మా ఇంటికొచ్చారు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆవిడ ఇంట్లో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. పదేళ్ల కొడుకున్నాడు. మేదినీపూర్‌లో ఒక హోంలో ఉంటున్న ఎనిమిదేళ్ల పిల్లను ఫోస్టర్ కేర్ కింద తెచ్చుకుందామని దరఖాస్తు పెట్టుకున్నారట. ఆయన అడిగినవన్నీ కాగితాల సంగతులు. ఎవరి సంతకం కావాలి, డబ్బు ఎలా వస్తుంది, బళ్లో పేరు ఎలా రాయించాలి. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఒక్కటే అడిగింది. "పిన్నిగారూ, ఎన్నాళ్లకి నన్ను అమ్మా అంటుందంటారు?"

ఆ పూట ఏదో సర్దిచెప్పి పంపేశాను. తర్వాత నాలుగు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆవిడకు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి ఆలోచనలో ఉన్న మిగతా తల్లిదండ్రులూ చదువుకుంటారని ఆశ.

అమ్మాయీ, ఆ పిలుపు కోసం కాచుకుని కూర్చోకు. ఎందుకో చెప్పడానికి మా ఇంటి సంగతే చెబుతాను.

పరాయి పిల్లను సాకడం మన ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు మనవి. రెండు గదుల క్వార్టర్లో అయిదుగురు పిల్లలుంటే అందులో ఒకరు అన్న కొడుకో, తల్లి పోయిన మేనకోడలో అయి ఉండేవారు. మా ఇంట్లో అలా వచ్చినవాడు మా చిన్నాన్న కొడుకు. ఎనిమిదేళ్లవాడు. వాళ్లమ్మ పోయిన ఏడాదే తండ్రీ పోతే పలాస నుంచి మా నాన్న వాణ్ణి రైలెక్కించి తీసుకొచ్చాడు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనదని మనం గొప్పగా చెప్పుకున్న ప్లాట్‌ఫారం మీద, చంకలో మాసిన గుడ్డసంచితో వాడు నడిచి రావడం నాకింకా గుర్తే.

మా అమ్మ మంచి మనిషి. ఆ రాత్రే వాడికి తలంటిపోసి, మా తమ్ముడి చొక్కా తొడిగి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. ఆ సంచి కంపుకొడుతోందని పొయ్యిలో వేసేసింది. మర్నాడే బజారుకెళ్లి కొత్త సంచి కొనిచ్చింది. వాడు ఏమీ అనలేదు. నెలరోజులు ఎంత బుద్ధిమంతుడో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత మొదలైంది. దిండు కింద చపాతీలు దాచేవాడు. అబద్ధాలాడేవాడు. అమ్మ దగ్గరకు తీసుకుంటే కర్రలా బిగుసుకుపోయేవాడు. "ఎంత చేసినా వీడికి నా మీద ప్రేమ లేదు" అని అమ్మ చాటుగా ఏడ్చేది. వాడికి యాభై దాటాక, అమ్మ పోయిన పదకొండో రోజున, పెరట్లో కూర్చుని నాతో చెప్పాడు. ఆ సంచిలో వాళ్లమ్మ రవిక ఒకటి ఉండేదట. ఇంకా వాసన పోలేదట.

మా అమ్మ మీద ఫిర్యాదుగా చెప్పలేదు వాడు. నేనూ అలా రాయడం లేదు. ఆవిడకు చెప్పేవాళ్లు లేకపోయారు. మీకు ఉన్నారు, కాబట్టి వాళ్లను వాడుకోండి.

ముందు ఒక తేడా మనసులో పెట్టుకోండి. దత్తత వేరు, ఫోస్టర్ కేర్ వేరు. దత్తత వచ్చిన పిల్ల చట్టం ప్రకారం మీ పిల్ల. ఫోస్టర్ కేర్‌లో వచ్చిన పిల్లను, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద, కొంతకాలం మీ ఇంట్లో మీ పిల్లలతో సమానంగా సాకడానికి ఒప్పుకుంటున్నారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షనులో ఇదంతా ఉంది. కన్న తల్లిదండ్రులుంటే, కమిటీ వద్దంటే తప్ప, వాళ్లు వచ్చి పిల్లను చూసి వెళ్లవచ్చు. తోబుట్టువులుంటే వీలైనంతవరకు విడదీయకూడదు. కమిటీ నెలనెలా ఇంటికి వచ్చి చూడాలి. 2024లో కేంద్రం మార్చిన మార్గదర్శకాల ప్రకారం పెళ్లి కానివాళ్లూ, ఒంటరిగా ఉంటున్నవాళ్లూ కూడా 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉంటే సాకడానికి ముందుకు రావచ్చు. భార్యాభర్తలైతే కనీసం రెండేళ్లు కాపురం చేసి ఉండాలి. రెండేళ్లు మీ దగ్గర కుదురుగా పెరిగిన పిల్లను, దత్తతకు అర్హత ఉంటే, తర్వాత దత్తత తీసుకునే దారి కూడా ఉంది. ఇంతకుముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది. అయినా దత్తతను గమ్యంగా పెట్టుకుని పిల్లను తెచ్చుకోవద్దు. తిరిగి తన ఇంటికి వెళ్లగలిగితే ఆ పిల్ల వెళ్లాలి. అది మీ ఓటమి కాదు.

అంటే అమ్మాయీ, ఆ పిల్లకు అమ్మ అనే మాట ఇదివరకే వేరొకరిది అయి ఉండొచ్చు. ఆవిడ తాగుబోతు మొగుడి చేతిలో నలిగిపోయి ఉండొచ్చు, జబ్బుపడి ఉండొచ్చు, పిల్లను కొట్టి కూడా ఉండొచ్చు. అయినా ఆవిడ గురించి ఆ పిల్ల ముందు ఒక్క చెడ్డమాట అనకు. నిన్ను అత్త అననీ, పిన్ని అననీ, బెంగాలీలో మాసీ అననీ, పేరు పెట్టి పిలవనీ. ఏం పిలుస్తావని ఆ పిల్లనే అడుగు.

మనవాళ్లకు కర్ణుడి కథ తెలుసు. అతన్ని సాకిన అధిరథుడు రథం తోలే సూతుడు. మన డ్రైవర్ల క్వార్టర్లలో పుట్టినదాన్ని కాబట్టేమో నాకు ఆ ఇంటి మీద అభిమానం. తను కుంతి కొడుకని తెలిశాక, రాజ్యం వస్తుందన్నా కర్ణుడు రాధమ్మనీ అధిరథుణ్ణీ కాదనలేదు, రాధేయుడిగానే ఉండిపోయాడు. సాకిన ప్రేమ ఓడిపోలేదు. అతన్ని జీవితమంతా కాల్చింది తన పుట్టుక గురించి దాచిపెట్టిన నిజం. కాబట్టి దాచొద్దు. ఆ పిల్లకు తెలిసింది తెలిసినట్టే ఉండనివ్వండి, అడిగింది వయసుకు తగ్గట్టు చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి.

పేరు మార్చొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మనింట్లో పెరుగుతోంది కదా అని తెలుగు పేరు పెట్టాలని అత్తగార్లకు ఉబలాటం ఉంటుంది. మేదినీపూర్ హోం నుంచి వచ్చే పిల్ల ఇంటి భాష బెంగాలీ కావచ్చు, సంతాలీ కావచ్చు. మీకు బజారు బెంగాలీ వచ్చు, ఆ పిల్లకు తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి వారాల్లో మీరే ఆ పిల్ల భాషలోకి వెళ్లండి. నిద్రపుచ్చేటప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, తిట్టాల్సి వచ్చినప్పుడు మరీ ముఖ్యం. తెలుగు దానంతటదే వస్తుంది, మీ కొడుకుతో ఆడుకుంటూ ఆర్నెల్లలో నేర్చేసుకుంటుంది. తిండి కూడా అంతే. మన చింతపండు పులుసు ఆ నాలుక్కి కొత్త. ఇక్కడి పిల్లలకు మురీ ప్రాణం. మనం మరమరాలంటాం, అదే. ఒక డబ్బాలో మురీ పోసి, మీద ఆ పిల్ల పేరు రాసి, చేతికందే గూట్లో పెట్టండి. ఎప్పుడు ఆకలేసినా అడగక్కర్లేకుండా తీసుకోవచ్చని చెప్పండి. తిండి దాచుకునే పిల్లను తిడితే ఇంకా లోపల దాస్తుంది. డబ్బా ఎప్పుడూ నిండుగా ఉంటుందని నమ్మకం కుదిరాకే మానుతుంది. దానికి ఏడాది పట్టినా పట్టొచ్చు.

మొదటి నెల మరీ బుద్ధిగా ఉంటే సంతోషించకండి. భయపడే పిల్ల అలాగే ఉంటుంది. అల్లరి మొదలైనప్పుడు, ఈ ఇంట్లో అల్లరి చేసినా గెంటెయ్యరేమో చూద్దాం అనే ధైర్యం వచ్చిందన్నమాట. అప్పుడు చెయ్యెత్తకండి. "తీసుకెళ్లి మళ్లీ హోంలో వదిలేస్తా" అని పొరపాటున కూడా అనకండి. ఏ తప్పు చేసినా ఆ ఒక్కమాట మాత్రం బెదిరింపుగా వాడకూడదు.

మీ కొడుకు సంగతి. వాడికి చెల్లెలు కావాలని ఉత్సాహపడుతున్నాడని చెప్పారు. వచ్చిన పది రోజులకు ఆ ఉత్సాహం దిగిపోతుంది. తన మంచం, తన బొమ్మలు, అమ్మ ఒడి పంచుకోవాలి. వాడికి రోజూ ఒక అరగంట విడిగా ఇవ్వండి, అది ఎవరికీ ఇవ్వనిది కావాలి. "నువ్వు పెద్దవాడివి కదా, సర్దుకో" అని వాణ్ణి మాత్రం అనకండి. మా ఇంట్లో ఆ మాట నేను చాలాసార్లు విన్నాను.

ఇప్పుడు ఇంటికి వచ్చే సోషల్ వర్కర్ల గురించి. మీ ఆయన మాటల్లో కాస్త చిరాకు కనబడింది, తనిఖీకి వచ్చినట్టు వస్తారని. రుమేనియాలో జరిగిన ఒక పరిశోధన చెబుతాను. 1989లో అక్కడి నియంత పాలన కూలాక, అనాథాశ్రమాల్లో వేల మంది పిల్లలు మంచాలకు అతుక్కుని పెరుగుతున్న సంగతి లోకానికి తెలిసింది. 2000లో చార్ల్స్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్ల్స్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు బుకారెస్ట్‌లో ఆరు ఆశ్రమాల నుంచి 136 మంది పసివాళ్లను ఎంచుకున్నారు. చీటీలు వేసినట్టుగా ఎంపిక చేసి సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు పంపారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివితేటలు, మనిషిని నమ్మి దగ్గరయ్యే గుణం ఆశ్రమంలో ఉన్నవాళ్లకంటే మెరుగయ్యాయి. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లలో ఆ దగ్గరితనం బాగా కుదిరింది. పెద్దయ్యాక చూస్తే, ఒకే ఇంట్లో కదలకుండా పెరిగినవాళ్లు, ఇళ్లు మారినవాళ్లకంటే బాగున్నారు. మీ దగ్గరకు వచ్చే పిల్ల ఎనిమిదేళ్లది, ఆ రెండేళ్ల వయసు ఎప్పుడో దాటిపోయింది. కానీ ఇల్లు మారకుండా ఉంచడం మీ చేతిలో ఉంది.

ఆ పరిశోధనలో నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. ఆ కుటుంబాలను వాటి మానాన వదిలెయ్యలేదు. సోషల్ వర్కర్లు తరచు వెళ్లేవారు, ఫోన్లో దొరికేవారు. ఆ సోషల్ వర్కర్లకూ వెనక అమెరికాలోని మానసిక నిపుణులు క్రమం తప్పకుండా సలహాలిచ్చి అండగా నిలిచారు. పిల్లకు కుటుంబం, కుటుంబానికి కార్యకర్త, కార్యకర్తకు ఇంకెవరో ఉన్నారు. మన రైల్వేలో రన్నింగ్ స్టాఫ్‌కు డ్యూటీ దిగాక రన్నింగ్ రూంలో విశ్రాంతి ఎందుకు తప్పనిసరి చేశారో మీకు నేను చెప్పక్కర్లేదు. నిద్రలేని లోకోపైలట్ చేతిలో బండి పెట్టం. రోజుకు ఇద్దరు ముగ్గురు దెబ్బతిన్న పిల్లల కథలు విని, బస్సులో మేదినీపూర్ తిరిగెళ్లే ఆ సోషల్ వర్కరుకు మాత్రం విశ్రాంతి లేకుండా పనిచెయ్యమంటాం. ఆవిడ మీ ఇంటికొస్తే కుర్చీ వెయ్యండి, మంచినీళ్లివ్వండి, నిజాలు చెప్పండి. "ఈ వారం ఓపిక పట్టలేక అరిచాను" అని చెప్పగలిగితే ఆవిడ సాయపడగలదు. అంతా బాగానే ఉందని నవ్వి పంపేస్తే మీరిద్దరూ ఒంటరివాళ్లవుతారు. ఆ కార్యకర్తకు పిల్ల అలవాటుపడ్డాక హఠాత్తుగా కొత్త మనిషి వస్తే, పాత కార్యకర్తను ఒకసారి వచ్చి పిల్లకు చెప్పి వెళ్లమని అడగండి. మనుషులు చెప్పకుండా మాయమవడం ఆ పిల్లలు ఇప్పటికే చాలా చూశారు.

డబ్బు సంగతి మీ ఆయన అడిగాడు. మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ కేర్‌కు నెలకు పిల్లకు 4000 రూపాయలు. దాన్ని విడిగా లెక్క రాసుకోండి. ఇక్కడ ఒక మాట, సొంతవాళ్ల పిల్లను సాకుతున్న పెద్దమ్మలకూ అమ్మమ్మలకూ కూడా. ఊళ్లలో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 మించని ఆదాయముంటే అదే పథకంలో స్పాన్సర్‌షిప్ కింద సాయం అడగవచ్చు, జిల్లా బాలల రక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. ఆ పిల్ల తండ్రి రైల్వే ఉద్యోగి అయి చనిపోతే, తల్లి కూడా లేకపోతే, ఫ్యామిలీ పెన్షను ఆ పిల్లకు చెందుతుంది. పెళ్లి అయ్యేవరకో, సొంతంగా సంపాదించేవరకో, మామూలుగా 25 ఏళ్లవరకో, ఏది ముందైతే అంతవరకు. అది పిల్ల సొమ్ము. పిల్ల పేరునే ఖాతా ఉండాలి, పిల్ల చదువుకే పోవాలి. మన క్వార్టర్లలో ఈ విషయం మీద ఎన్ని ఇళ్లు విరిగాయో చూశాను.

ఇంకొకటి. స్టేషన్లో ఒంటరిగా ఏడుస్తున్న పిల్ల కనబడితే జాలిపడి ఇంటికి తీసుకుపోకండి. మన జంక్షన్లో రైలు దిగే పిల్లలకు లెక్కలేదు. ఆర్పీఎఫ్‌కో చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కో చెప్పండి. 24 గంటల్లో కమిటీ ముందుకు తీసుకెళ్లాలని చట్టం. మంచి మనసుతోనే అయినా ఇంట్లో ఉంచుకుంటే, వెతుక్కుంటున్న తల్లికి ఆ పిల్ల దొరక్కుండా చేసినవాళ్లమవుతాం.

పిల్ల వచ్చాక ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. ఆ పిల్లల పేరూ ముఖమూ బయటపెట్టడాన్ని ఆ చట్టమే నిషేధిస్తుంది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఎవరైనా "ఎవరి పిల్ల?" అంటే "మా ఇంట్లో ఉంటుంది" అని చెప్పి నడిచిపొండి. కథ చెప్పాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఆ పిల్లది.

ఇంతకీ ఆ మొదటి రోజు. చిన్న మూటతోనో పాత స్కూలు సంచితోనో వస్తుంది ఆ పిల్ల. జిప్పు పోయి ఉంటుంది, మాసి ఉంటుంది. అందులో ఏముందని వెతక్కండి. ఉతకాలంటే అడిగి, ఆ పిల్ల ఎదుటే, లోపలివి ఆ పిల్ల చేతనే తీయించి ఉతకండి. వాసన ఉండాలంటే ఉండనివ్వండి. చినిగితే, అమ్మాయీ, నీ దగ్గర కుట్టుమిషను ఉంది కదా, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కుట్టు. తర్వాత ఆ పిల్ల మంచం పక్కన మేకు ఒకటి కొట్టి, ఎనిమిదేళ్ల చెయ్యి అందేంత ఎత్తులో తగిలించు.