ఇల్లు రాసిచ్చాక ఫీజు ఆపేశాడు

ప్రశ్న: నాకు 74 ఏళ్లు. ఇల్లు కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసిచ్చి వృద్ధాశ్రమంలో ఉంటున్నాను. కొన్ని నెలలుగా వాడు ఫీజు కట్టడం లేదు. ఆశ్రమం వాళ్లు నా పింఛను ఏటీఎం కార్డు తీసేసుకున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు కార్డు సంగతి చూడండమ్మా. బాకీ ఉన్నా సరే, దాన్ని అట్టేపెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. బ్యాంకుకు చెప్పి బ్లాక్ చేయించండి. ఇక మీ అబ్బాయి మీద 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టండి. మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులో ఉందా? ఉంటే 23వ సెక్షన్ కింద గిఫ్టు రద్దు కోరవచ్చు. విడి కాగితం మీద రాయించుకున్నా వెతికి తీయండి. 2025లో సుప్రీంకోర్టు ఒక తల్లి కేసులో అలాంటి హామీపత్రాన్నీ లెక్కలోకి తీసుకుంది. ఏదీ లేకపోతే ఇల్లు రావడం కష్టమే, పోషణ ఖర్చు మాత్రం అడగొచ్చు. కదల్లేకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.