చక్కెర వ్యాధి: ఇంటివద్ద రక్తపరీక్ష

చక్కెర వ్యాధి పట్టణములలోని ధనికులకు మాత్రమే వచ్చునని మన గ్రామములలో చిరకాలము భావింపబడినది. ఈ భావము సరియైనది కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము, మన దేశపు వయోజనులలో నూటికి 11 మందికి పైగా ఈ వ్యాధి కలదు. వారి సంఖ్య 10 కోట్లు మించినది. ఎల్లారెడ్డిపేట ప్రాంతమునే చూడుడు. ఒడిలో చాట పెట్టుకొని ప్రొద్దంతయు బీడీలు చుట్టు స్త్రీలు, పూటపూటకు వరియన్నమే భుజించు కుటుంబములు, సిరిసిల్ల మరమగ్గములయొద్ద రాత్రివేళల పనిచేయు కార్మికులు, వీరెవ్వరును ఈ వ్యాధికి దూరులు కారు. కావున పంచాయతీ సభ్యులు దీనిని గురించి కొంత తెలిసికొనుట అవసరము.

పరీక్ష ఏల?

వ్యాధి క్రొత్తగా బయటపడినవారికి మొదటి చిక్కు, శరీరము ఏమియు తెలుపకపోవుట. 100 మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 250 మిల్లీగ్రాములున్నను అనేకులకు బాధ తోచదు. బాధ లేదు గనుక మాత్రలు మానుదురు. కొన్ని సంవత్సరములకు కన్ను, మూత్రపిండము, పాదము చెడిన తరువాత గాని మేలుకొనరు.

పూర్వము మూత్రమును బెనెడిక్టు ద్రావణముతో కాచి, నీలిరంగు ఆకుపచ్చగను, పసుపుగను, ఇటుకరంగుగను మారుటను బట్టి చక్కెరను అంచనా వేసెడివారు. అయితే రక్తములో చక్కెర సుమారు 180 మించినగాని మూత్రములోనికి దిగదు. చక్కెర మితిమీరి తగ్గినచో ఆ పరీక్ష తెలుపనే తెలుపదు. నేటి గ్లూకోమీటరు ఈ రెండు లోపములను తీర్చినది. పరీక్షాపట్టీలోని ఎంజైము రక్తమందలి గ్లూకోజుతో చర్య జరుపగా అతిస్వల్పమైన విద్యుత్తు పుట్టును. యంత్రము దానిని కొలిచి అంకెగా చూపును.

చేయు విధము

చేతులను సబ్బుతో కడిగి, తుడిచి, బాగుగా ఆరనీయవలెను. మామిడిపండు తిన్న వ్రేలిని కడుగక పరీక్షించినచో ఆ రసములోని చక్కెరయే పెద్ద అంకెను చూపి భయపెట్టును. వ్రేలికొన నడుమగాక ప్రక్కన పొడిచిన నొప్పి తక్కువ. వ్రేలిని గట్టిగా పిండరాదు. పట్టీల డబ్బామూతను వెంటనే బిగింపవలెను. వేసవిలో మన జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటును. పట్టీలు సాధారణముగా 30 డిగ్రీలకు మించిన వేడికి తాళవు. రేకుల కప్పు క్రింద, కిటికీ ప్రక్కన ఉంచిన పట్టీలు చెడి తప్పు చెప్పును. గడువు దాటిన పట్టీలును అట్టివే.

ఎప్పుడు చేయవలెను?

ఊరక పొడుచుకొనుటవలన లాభము లేదు. ఉదయము పరగడుపున ఒకమారు, భోజనము మొదలుపెట్టిన రెండు గంటలకు మరియొకమారు చేసి, తేదీ, వేళ, తిన్న ఆహారము, అంకె ఒక పుస్తకములో వ్రాయవలెను. పరగడుపున 80 నుండి 130 వరకు, భోజనానంతరము 180 లోపల ఉండుట సామాన్యముగా గమ్యము. వృద్ధులకు, గర్భిణులకు, ఇతర వ్యాధులున్నవారికి వైద్యుడు వేరు గమ్యము నిర్ణయించును. మాత్రలు మాత్రమే వాడువారు వైద్యుడు చెప్పిన దినములందు పరీక్షించిన చాలును. ఇన్సులిన్ తీసికొనువారికి తరచుగా అవసరము.

ఒక రైతు మధ్యాహ్నము పళ్లెము నిండ అన్నము తిని చూడగా 240 వచ్చినదనుకొందము. మరునాడు అన్నము సగము తగ్గించి, పప్పు, కూర హెచ్చించి, భోజనానంతరము కొంతదూరము నడచి చూడగా 175 వచ్చినది. ఇట్టి భేదమును తన కన్నులతో చూచినవానికి వేరొకరు బోధింప నక్కరలేదు. అయితే యంత్రమునకు నూటికి 15 వరకు తేడా ఉండవచ్చును గనుక, 150కి 160కి గల భేదమును లెక్కింపరాదు. అంకె బాగున్నదని మాత్రలు మానరాదు. ఆ మాత్రలవలననే అది బాగున్నది. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షను దవాఖానలో చేయించుకొనవలెను.

చక్కెర తగ్గినచో

గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడువారు నాట్లవేళ భోజనము ఆలస్యము చేసినచో చక్కెర 70కి తగ్గవచ్చును. చెమట, వణుకు, మాట తడబాటు కలుగును. కల్లు త్రాగినాడని ప్రక్కవారు పొరబడరాదు. వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపవలెను. పదిహేను నిమిషముల తరువాత మరల పరీక్షింపవలెను. అంకె పెరుగకున్న మరల ఇయ్యవలెను. తేరుకొనిన పిదప భోజనము పెట్టవలెను. స్పృహ లేనివాని నోటిలో ఏమియు పోయరాదు. 108కి కబురు చేయవలెను.

పంచాయతీ బాధ్యత

వాడిన సూదులను చెత్తలో పారవేసినచో, తెల్లవారుజామున చెత్త నెత్తు మన పారిశుద్ధ్య కార్మికుని చేతికి అవి గ్రుచ్చుకొనును. కామెర్లు కలిగించు హెపటైటిస్-బి వంటి వ్యాధులు ఈ దారిన వ్యాపించును. గట్టి ప్లాస్టిక్ సీసాలో సూదులు వేసి, మూత బిగించి, ఆరోగ్య ఉపకేంద్రమునకు లేదా పంచాయతీ నిర్ణయించిన చోటికి అప్పగించునట్లు ఇంటింటికి తెలుపవలెను. ఇరుగుపొరుగువారు ఒకే యంత్రమును వాడుకొనినను, ఒకరి సూది మరియొకరు వాడరాదు. యంత్రమును ప్రతిమారు శుభ్రపరుపవలెను.

ముప్పది సంవత్సరములు దాటినవారందరు ఆశా కార్యకర్తల ద్వారా, ఉపకేంద్రములలో జరుగు ఉచిత పరీక్షకు హాజరగునట్లు సభ్యులు చూడవలెను. మన వార్డులో ఎందరు పరీక్ష చేయించుకొనిరి? మందులు మానినవారెందరు? కార్మికులకు చేతితొడుగులున్నవా? రానున్న పంచాయతీ సమావేశములో ఈ మూడు ప్రశ్నలను చర్చకు పెట్టినచో, ఎన్నో కన్నులను, ఎన్నో పాదములను కాపాడినవారగుదురు.