మడచెట్టుకు చోటు

మన యానాం గౌతమి నుండి కోరింగ నది చీలుచోట వెలసిన ఊరు. వరద శ్రావణ భాద్రపదములలోను, తుపాను ఆశ్వయుజ కార్తికములలోను వచ్చునని అగ్రహారపు పెద్దలకు ఒక లెక్క యుండెడిది. 1839 నవంబరులో కోరింగ రేవును ముంచిన ఉప్పెనయు, 1996 నవంబరు 6వ తేదీ తుపానును ఆ లెక్కలోనివే. 2022లో మాత్రము ఆషాఢముననే, ధవళేశ్వరమువద్ద 25 లక్షల క్యూసెక్కులు మించిన గోదావరి మన వీధులలోనికి వచ్చెను. ఒక్క యేటి వరదను బట్టి తీర్పు చెప్పరాదు. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా నీటి ఆవిరిని మోయగలదు. కురిసినపుడు కుంభవృష్టి యగును. పిల్లలకు ఋతువులను గూర్చి చెప్పునపుడు ఈ సంగతియు చెప్పవలసి వచ్చుచున్నది.

తల్లిదండ్రులారా, మడచెట్టును మనలో చాలమంది వంటచెరకుగానే ఎరుగుదుము. దాని వేళ్లు అలల ఉరవడిని తగ్గించును; ఒండ్రును పట్టి నేలను నిలుపును. కోరింగ మడ అడవి 1978లో అభయారణ్యమైనది, సంతోషమే. అయితే ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపుచున్నవి. దిగువ సముద్రమట్టము పెరుగుచున్నది. ఉప్పునీరు పైకి వచ్చినకొలది మడ మొలకలు వెనుకనున్న మెరకకు జరిగి బ్రతుకవలెను. ఆ మెరకమీద మన రొయ్యల చెరువుగట్టు అడ్డముగా నున్నచో అవి ఎచటికి పోవును?