పోటీ పరీక్షల ప్రత్యేకం: వడ్డీ లేని గృహ రుణం

ఇస్లామిక్ ఫైనాన్స్‌లో వడ్డీ (రిబా) నిషిద్ధం, వ్యాపార లాభం కాదు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనేవారికీ ఈ మార్గం ఉంది. అమెరికా జాతీయ బ్యాంకుల నియంత్రణ సంస్థ ఓసీసీ 1997లో ఇజారా (అద్దె పద్ధతి)ను, 1999లో మురాబహా (లాభం కలిపిన వాయిదాల అమ్మకం)ను అనుమతించింది. మరో పద్ధతి తగ్గే ముషారకాలో ఇల్లు ఆర్థిక సంస్థ, కొనుగోలుదారుల ఉమ్మడి ఆస్తి. సంస్థ వాటా 80 శాతమైతే, నెలవాయిదాలో కొంత ఆ వాటా కొనుగోలుకు, మిగతాది దాని వాడకపు రుసుముకు పోతుంది.

ఇది వడ్డీకి ముసుగేనన్నది ప్రధాన విమర్శ. రుసుము మార్కెట్ వడ్డీ రేట్లకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అందులో పస ఉంది. ఆర్థికంగా ఇజారా, మురాబహాలు రుణంతో సమానమని ఓసీసీ కూడా ఒప్పుకుంది. అయితే తేడా భారంలో కాదు, ఒప్పందంలో ఉంది: బాకీపై చక్రవడ్డీ పెరగదు. భారత్‌లో రఘురామ్ రాజన్ కమిటీ 2008లో వడ్డీరహిత బ్యాంకింగ్‌ను సిఫార్సు చేసినా, ఆర్‌బీఐ 2017లో ఆ ప్రతిపాదనను పక్కనపెట్టింది. చట్టం మార్చకుండా నియంత్రణ వ్యాఖ్యానంతోనే చోటివ్వవచ్చని అమెరికా అనుభవం చెబుతోంది.