మనము, మేము – ఏది ఎక్కడ?



మన పల్లె సంఘములలో ప్రార్థన నడిపించువారు కొందరు “ప్రభువా, మా పాపములను క్షమించుము” అందురు. మరి కొందరు “మన పాపములను క్షమించుము” అందురు. రెండును ఒకటే గదా అని తోచవచ్చును గాని ఒకటి కావు. రెండవ మాట పలికినవాడు, తెలియకయే, దేవుని కూడ పాపుల వరుసలో కూర్చుండబెట్టుచున్నాడు.

ఎట్లనగా, ఎవరితో మాటలాడుచున్నామో వారిని కలుపుకొనినచో “మనము”. వారిని విడిచి చెప్పినచో “మేము”. ఇది బడికి పోనివారికి కూడ బాగుగా తెలిసిన సంగతియే. పొరుగూరి చుట్టము వచ్చినప్పుడు “ఇది మా పొలము” అని చూపుదుము. అన్నదమ్ములు తమలో తాము “మన పొలము” అనుకొందురు. ఒకనాడు అన్న తమ్మునితో “మా పొలము” అనెనా, నడుమ గట్టు పడినదన్నమాట! అయితే ప్రార్థనలో వినువాడు దేవుడు గనుక, ఆయనతో మన పాపములనుగూర్చి చెప్పునప్పుడు “మా” అనియే చెప్పవలెను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో “మా తండ్రీ” అని యుండుటకు కారణమిదే. ఇద్దరు విశ్వాసులు ఒకరితో ఒకరు మాటలాడుకొనునప్పుడు ఆయనే “మన తండ్రి”.

వ్యాకరణములో ఈ రెండు మాటలును ఉత్తమ పురుష బహువచనములు. ఈ పేరు చూచి పిల్లలు తికమకపడుదురు. ఇంగ్లీషు పాఠములో ‘ఫస్ట్ పర్సన్’ అనగా నేను, మేము అని నేర్చి, దానిని ప్రథమ పురుష అని వ్రాసి మార్కులు పోగొట్టుకొందురు. మన వ్యాకరణములో ప్రథమ పురుష అనగా వాడు, ఆమె, వారు. మధ్యమ పురుష అనగా నీవు, మీరు. ఉత్తమ పురుష అనగా నేను, మేము, మనము. సంస్కృత వ్యాకరణమునుండి వచ్చిన ఈ పేరులో ఉత్తమ అనగా శ్రేష్ఠమని కాదు, వరుసలో కడపటిదని అర్థము. “నేను” అనువానిని కడపట నిలువబెట్టిన ఆ పండితులు తెలివిగలవారే.

ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఈ భేదము చూపుటకు వేరు వేరు మాటలు లేవు. పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీలో లేవు, క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకులో లేవు. కాబట్టి 1818లో మద్రాసులో అచ్చయిన క్రొత్త నిబంధనను తెనిగించిన ప్రిచెట్ దొర మొదలుకొని, తెలుగు అనువాదకులందరును ఇట్టి ప్రతి చోట ఆగి, ఇక్కడ లోపలివారెవరు, వెలుపలివారెవరు అని నిర్ణయింపవలసి వచ్చినది.

కొన్ని చోట్ల అది సులభము. సిలువలయొద్ద జరిగిన సంభాషణ చూడుడి (లూకా 23:39–43). మొదటి నేరస్థుడు యేసుతో మాటలాడుచు, తనను తన తోటివానిని “మమ్మును” అనుచున్నాడు. రెండవవాడు ఆ తోటివానివైపు తిరిగి, ఈ శిక్ష “మనకు” న్యాయమే అనుచున్నాడు. ఆ “మన”లో ఇద్దరు నేరస్థులే యున్నారు, యేసు లేడు; ఆయన ఏ తప్పిదమును చేయలేదని వెంటనే చెప్పుచున్నాడు గదా. తరువాత ప్రభువుతో మాటలాడునప్పుడు అతడు “నన్ను” అని మాత్రమే అనుచున్నాడు.

తుపానులో దోనెయందు శిష్యులు పెట్టిన కేక కష్టమైనది (మార్కు 4:38). గ్రీకులో అక్కడ క్రియ ఒక్కటే యున్నది. “నశించుచున్నాము” అను తెలుగు క్రియవలె అది రెండు విధములుగను సరిపోవును. పాత తెలుగు బైబిలులో “మేము” అని యున్నది. అనగా వారు తమ ప్రాణములకొరకే మొరపెట్టిరి, నిద్రించుచున్న ఆయన మునుగునని వారికి తోచలేదు. “మనము” అని పెట్టినయెడల, బోధకుడా, మాతో నీవును మునుగుదువు అని హెచ్చరించినట్లగును. మా మట్టుకు “మేము” అనుటయే మేలనిపించుచున్నది. నీకు చింతలేదా అని ఆయనను నిందించు మాటకు అదియే అతుకును. రెండవ విధముగా తలంచువారిని తప్పుపట్టలేము.

అయితే ఈ భేదమువలన తెలుగువారికి కలిగిన మేలు యోహాను మొదటి పత్రిక తొలి అధ్యాయములో కనబడునట్లు మరెక్కడను కనబడదు. యేసును కన్నులార చూచి, చేతులతో తాకినవారినిగూర్చి అపొస్తలుడు “మేము” అని వ్రాయుచున్నాడు. పత్రిక చదువువారు ఆయనను చూడలేదు గనుక అక్కడ “మనము” అనుటకు వీలులేదు. నాలుగవ వచనమునకు వచ్చునప్పటికి రెండు మాటలును ఒక్క వాక్యములోనే చేరినవి: సంతోషము “మనది”, వ్రాయువారు “మేము”. తొమ్మిదవ వచనములో పాపములు ఒప్పుకొనుటనుగూర్చి చెప్పునప్పుడు, మీ పాపములు అనలేదు, “మన పాపములు” అనెను. ప్రభువును తాకిన ఆ చేతులు గలవాడు తన్ను కూడ ఆ వరుసలో చేర్చుకొనెను. గ్రీకులో ఆ మార్పును సందర్భమునుబట్టి ఊహింపవలెను. మన భాషలో చదువురాని ముసలమ్మ వినినను పట్టుకొనగలదు.

రాబోవు బైబిలు తరగతికి 2 కొరింథీయులకు 5:20, 21 వచనములు చదివి రండి. ఒకదానిలో “మేము”, రెండవదానిలో “మనము” ఉన్నవి. ఆ రెండు వచనముల నడుమ ఎవరు లోపలికి వచ్చిరో చూచి, తరగతిలో చెప్పుడి.