బోదురు కప్పలు

తొలకరి వాన కురిసిన రాత్రి వంశధార, నాగావళి తీరములందలి పల్లెలలో ‘బెక బెక’ మను ధ్వని మిన్నుముట్టును. చెరువులలోను, వరిమళ్లలోను ఆ సందడి చేయునవి బోదురు కప్పలు. వేసవి అంతయు మన్నులో దాగి, వాన పడగానే అవి వెలికి వచ్చును. మగకప్ప మేను పసుపు వన్నె తాల్చును. గొంతునకు ఇరువైపుల నీలి తిత్తులు ఉబ్బును. ఆ పిలుపు విని వచ్చిన ఆడకప్ప నీటిలో వేలకొలది గ్రుడ్లు పెట్టును.

ఈ కప్పల ప్రజాతికి శాస్త్రజ్ఞులు హోప్లోబాట్రాకస్ అని పేరిడిరి. ఇందలి జాతులు ఉష్ణదేశములందు వసించును. ఒక జాతి ఆఫ్రికాలో కలదు. మఱియొకటి చైనా, థాయిలాండు దేశములలో కలదు. తెలుగునాట రెండు జాతులు కానవచ్చును. మొదటిదగు టైగరినస్ సుమారు 15 సెంటీమీటర్ల పొడవు పెరుగును. రెండవది క్రాసస్. దీని వెనుక పాదమునకు పార వంటి గట్టి బొడిపె కలదు. దానితో నేలను త్రవ్వి లోన దాగును. 1853లో దీనిని వర్ణించినవాడు జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు. ఆయన 1836లో మద్రాసునకు వచ్చి, తొలుత గంజాం సీమలో పనిచేసెను. శ్రీకాకుళము నాడు గంజాం జిల్లాలోనిదే.

బోదురు కప్ప మిడుతలను, పైరు పురుగులను, ఎండ్రకాయలను, చిట్టెలుకలను సైతము మ్రింగును. కనుక అది రైతునకు జీతమడుగని కావలివాడు. అయినను ఐరోపా, అమెరికా దేశములలో కప్పకాళ్లు విందు వంటకమగుటచే, ఒకప్పుడు మన దేశమునుండి ఏటా వేల టన్నులు ఎగుమతి అయ్యెను. కావలివారు తగ్గినచో పొలములలో పురుగులు పెరుగునని పలువురు హెచ్చరించిరి. తుదకు 1987లో భారత ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించెను.

అయితే ఏ జీవియైనను తన తావుననే మేలు చేయును. మనుష్యులు అండమాను దీవులకు కొనిపోయిన ఈ కప్పయే అచటి కప్పల పిల్లలను తినివేయుచు బెడదగా మారినది.

వేట ఆగినను ముప్పు తొలగలేదు. కప్ప చర్మము పలుచనిది. నీటిలోని విషము దాని మేనిలోనికి సులభముగా ప్రవేశించును. పురుగుపై చల్లిన మందు పురుగును తిను మిత్రునికి కూడ హాని చేయును.

వానలు తప్పినపుడు కప్పను రోకలికి కట్టి, ఇంటింట నీరు పోయించు ఆచారము తెలుగు పల్లెలలో కలదు. వానకు, కప్పకు, పంటకు గల చుట్టరికమును మన పెద్దలు గుర్తించిరి. ఆ చుట్టరికమును నిలుపుట నేటివారి విధి.