వీడియో గేములు – కన్నీళ్ళు: ఒక పరిశీలన

వీడియో గేమ్ అనగానే మనకు తుపాకులు, కార్ల పందేలు, క్రికెట్ గుర్తుకొస్తాయి. అవి చదువు పాడు చేస్తాయని పెద్దలు అంటుంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ గేమ్ ఆడుతూ కంటతడి పెట్టినవారు ప్రపంచంలో ఎంతోమంది ఉన్నారు. తెర మీద కదిలే బొమ్మ కోసం మనిషి ఎందుకు ఏడుస్తాడు? మూడు గేముల ద్వారా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ముందు మనకు తెలిసిన సంగతి చూద్దాం. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి ప్రేక్షకులు కళ్ళు తుడుచుకుంటారు. లోహితాస్యుడి వేషం వేసిన పిల్లవాడు కాసేపటికి తెర వెనుక లేచి కూర్చుంటాడని అందరికీ తెలుసు. అయినా దుఃఖం ఆగదు. మన పూర్వులు దీనినే కరుణరసం అన్నారు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లో ఇది ఒకటి. అయితే నాటకంలో మనం చూసేవాళ్ళం, గేములో చేసేవాళ్ళం. తేడా అంతా ఇక్కడే ఉంది.

1. ఫైనల్ ఫాంటసీ 7 (1997)

జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ తయారుచేసిన ఈ గేమ్ మూడు సీడీల్లో వచ్చింది. ఇందులో ఏరిత్ అనే పూలమ్మే అమ్మాయి మన జట్టులో ఉంటుంది. ఆమెకు ఆయుధాలిస్తాం, శక్తులు పెంచుతాం, గంటల తరబడి వెంట తిప్పుకుంటాం. మొదటి సీడీ చివర, ప్రార్థన చేస్తుండగా సెఫిరోత్ ఆమెను పొడిచి చంపుతాడు. వెంటనే యుద్ధం మొదలవుతుంది. కానీ యుద్ధ సంగీతం రాదు. నొబువో ఉఎమాత్సు కూర్చిన ఏరిత్ పాట బాణీయే సాగుతూ ఉంటుంది. ఆ తర్వాత జట్టులో ఆమె చోటు ఖాళీ. మనం పడిన శ్రమంతా ఆమెతోనే పోయింది. ఇంట్లో మనిషి పోయినప్పుడు కలిగే వెలితి లాంటిదే ఇది.

2. బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్ (2013)

స్వీడన్‌లోని స్టార్‌బ్రీజ్ సంస్థ కోసం సినీ దర్శకుడు జోసెఫ్ ఫారెస్ దీన్ని రూపొందించారు. జబ్బుపడిన తండ్రి కోసం ఇద్దరు అన్నదమ్ములు ప్రాణజలం తేవడానికి బయలుదేరతారు. ఆటగాడి ఎడమచేయి అన్నను, కుడిచేయి తమ్ముణ్ణి నడిపిస్తాయి. పాత్రలు మాట్లాడేది కల్పిత భాష. కాబట్టి ఏ దేశంవారికైనా కథ అర్థమవుతుంది. తల్లి నీళ్ళలో మునిగి చనిపోయినందువల్ల తమ్ముడికి నీళ్ళంటే భయం. అన్న వీపు పట్టుకునే ఏరు దాటుతాడు. దారిలో అన్న చనిపోతాడు. మట్టి కప్పాల్సింది కూడా మనమే. అక్కడి నుంచి మన ఎడమచేతికి పని ఉండదు.

చివరకు ఇంటి దగ్గర నీళ్ళు అడ్డం వస్తాయి. తమ్ముడు దిగడానికి భయపడతాడు. అప్పుడు అన్న కోసం వాడిన ఎడమచేతి మీటను మళ్ళీ నొక్కితే తమ్ముడు ఈదుతాడు! ఒక్క మాట లేకుండా, అన్న తమ్ముడిలోనే ఉన్నాడని మన వేలికి తెలుస్తుంది.

3. దట్ డ్రాగన్, క్యాన్సర్ (2016)

ఇది కల్పన కాదు. అమెరికాకు చెందిన రయన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతుల కుమారుడు జోయెల్‌కు ఏడాది వయసులో క్యాన్సర్ అని తేలింది. 2014లో, 5 ఏళ్ళ వయసులో ఆ బాబు చనిపోయాడు. ఆ రోజుల్ని తల్లిదండ్రులు గేముగా మలిచారు. ఒక ఘట్టంలో ఆసుపత్రి గదిలో బాబు ఏడుస్తూ ఉంటాడు. మనం ఏం చేసినా ఊరుకోడు. మామూలు గేములో మీట నొక్కితే పని జరుగుతుంది. ఇక్కడ జరగదు. ఆ నిస్సహాయతే కన్నీరు తెప్పిస్తుంది.

మనం గ్రహించవలసినవి

మొదటి గేములో మన శ్రమ, రెండోదానిలో మన చేయి, మూడోదానిలో మన నిస్సహాయత దుఃఖానికి కారణాలు. వీటి వెనుక కథకులు, చిత్రకారులు, సంగీత దర్శకులు, ప్రోగ్రామర్లు కలిసి పనిచేస్తారు. కథలు రాసే, బొమ్మలు వేసే మన హాస్టల్ విద్యార్థులు ఇది కూడా ఒక వృత్తి అని తెలుసుకోవాలి.

ఇంకో మాట. కొత్తగా చేరిన తమ్ముళ్ళు రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఏడిస్తే "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అని నవ్వడం మన హాస్టళ్ళలో మామూలు. బొమ్మ కోసమే కన్నీరు వచ్చినప్పుడు, అమ్మ కోసం రావడంలో తప్పేముంది? ఏడ్చేవాడు పిరికివాడు కాదు, మనసున్నవాడు. నవ్వే బదులు పక్కన కూర్చుందాం.

సీనియర్లు ఏటా హాస్టల్ విడిచి వెళ్తారు. వాళ్ళు నేర్పిన లెక్క, చెప్పిన ధైర్యం జూనియర్లలో మిగులుతాయి. ఏరు దాటేటప్పుడు పనికొచ్చేవి అవే. పూర్వ విద్యార్థులైన అన్నలారా, మీరు నేర్పినవి ఇంకా మా చేతుల్లోనే ఉన్నాయి.